గాలి పోయే శాక్సాఫోన్

ఆ రోజు పొద్దున మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. స్నానం చేయాలి, శాక్సాఫోన్ పెట్టె తెరిచి ఒకసారి ఊది చూసుకోవాలి, మధ్యాహ్నానికి దాన్ని హాలుకు చేర్చాలి, సాయంత్రం ముందు వరుసలో కూర్చుని తన రచనను తాను వినాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. అయినా జరిగింది. చిన్న ప్రణాళికలో పెద్ద తప్పు పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేదు కదా.

మాస్టారు సంగీత పాఠశాలలో శాక్సాఫోన్ నేర్పుతాడు. అది పొట్టకూటి కోసం. తన అసలు పని స్వరరచన అని అతని నమ్మకం. నలుగురైదుగురు వాద్యకారులు కచేరీ హాల్లో కూర్చుని వాయించే కొత్త తరహా సంగీతం రాస్తాడు. ఈ తరహా రచనలకు ఒక శాపం ఉంది. మొదటి ప్రదర్శన గౌరవంగా జరుగుతుంది, రాసినవాడి చేతిలో పూలగుత్తి పెడతారు, మర్నాటి నుంచి ఆ కాగితాల జోలికి ఎవరూ పోరు. మాస్టారు ఇన్నేళ్ళలో రాసినవన్నీ పుట్టిన రోజునే పోయాయి. లోకం తనను నెత్తిన పెట్టుకోవాలన్న ఆశ అతను ఎప్పుడో వదులుకున్నాడు. తన రచన ఏదైనా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, రెండోసారి వాయిస్తే చాలు. ఆ మాట పైకి అనడు గానీ, రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు అతను నెమరేసుకునేది దాన్నే.

ఈసారి ఆశపడటానికి కారణం దొరికింది. అతని పాత శిష్యురాలు ఇప్పుడు పేరున్న విద్వాంసురాలు. శాక్సాఫోన్‌కీ నాలుగు తీగవాద్యాలకీ కలిపి మాస్టారు కొత్తగా రాసినదాన్ని వాయించడానికి ఆమె ఒప్పుకుంది. "ఇది హాల్లో కుదిరితే నా పర్యటన మొత్తం ఇదే వాయిస్తాను మాస్టారూ" అని కూడా అంది. ఆ ఒక్క మాటతో మాస్టారు పదేళ్ళు చిన్నవాడయ్యాడు.

రచన మధ్యలో ఒక విశేషం ఉంది. మామూలుగా శాక్సాఫోన్ ఒక ఊపిరికి ఒక స్వరమే పలుకుతుంది. మాస్టారి రచనలో ఒకే ఊపిరికి రెండు మూడు స్వరాలు కలిసి, చీలి, ఒకదాన్నొకటి రాసుకుంటూ పలుకుతాయి. వాటికి చీలిక స్వరాలని పేరు పెట్టాడు. ఏడాదిపాటు గది తలుపు వేసుకుని, తన పాత వాద్యం మీద మీటలు రకరకాలుగా నొక్కి వాటిని వెతికి పట్టుకున్నాడు. శిష్యురాలి కొత్త వాద్యం మీద అవే పట్లు పట్టి ఊదితే మాత్రం ఒక్కటీ రాలేదు. "కొత్త వాద్యాల్లో పస లేదమ్మా. పాత లోహంలో ఉన్న గుండె వీటికెక్కడిది?" అని తేల్చేశాడు మాస్టారు. కచేరీ తన వాద్యం మీదే జరగాలన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కాళ్ళ గురించి కార్యక్రమ పుస్తకంలో ఒక పేజీ వ్యాసం కూడా రాశాడు.

ఇదీ పూర్వకథ. ఇక ఆ పొద్దున మాస్టారు పెట్టె తెరిచాడు. లోపల శాక్సాఫోన్ తళతళా మెరుస్తోంది.

మాస్టారి కళ్ళు ముందు మెరుపు మీద పడ్డాయి. తర్వాత, కింది మీటకు ఎన్నేళ్ళుగానో చుట్టి ఉన్న రబ్బరు బ్యాండు కోసం వెతికాయి. అది లేదు. వాద్యాన్ని ఎత్తి, మొదటి చీలిక స్వరం పట్టు పట్టి ఊదాడు. ఒకే ఒక్క స్వరం వచ్చింది. నున్నగా, నిండుగా, పాఠశాలలో మొదటి బహుమతి తెచ్చుకునేంత బుద్ధిగా వచ్చింది. రెండో పట్టు పట్టాడు. మళ్ళీ అంతే బుద్ధిగా వచ్చింది. మూడోదీ అంతే.

"బాగుందా అండీ?" అంటూ వంటింట్లోంచి భార్య వచ్చింది. మొహంలో దాచుకోలేని సంబరం. "కచేరీ రోజున చూసి ఆశ్చర్యపోతారని చెప్పలేదు. తమ్ముడి చేత బాగు చేయించాను."

"బాగు చేయించావా?"

"మరేం చేయమంటారు? ఏడాది పొడుగునా ఆ గదిలోంచి మూలుగులు వింటుంటే కడుపు తరుక్కుపోయేది. పాపం వాద్యం పాడైపోయింది, చూపించుకునే తీరిక లేక అలాగే ఈడ్చుకొస్తున్నారనుకున్నాను."

"అవి మూలుగులు కావు! అదే రచన!"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "అంటే... కావాలనే?"

మాస్టారికి ఆ ఆశ్చర్యం పుండు మీద కారంలా తగిలింది. అంతకంటే ఘోరమైన నిజం అప్పుడే లోపల తెల్లవారుతోంది. పాత లోహం గుండె, పస, శోధన అన్నవన్నీ వట్టి మాటలు. వాద్యంలో ఎక్కడో గాలి పోతోంది. అది పోయిన చోటల్లా స్వరం చీలింది. తను ఏడాదిపాటు శోధించింది ఒక రిపేరు.

"అది కాదండీ, నేనేం అడక్కుండా చేయలేదు. మీ శిష్యురాలికి ఫోన్ చేసి మరీ అడిగాను. ఆ అమ్మాయి ఏమందంటే..."

"ఏమంటే నాకేం? నువ్వూ నీ తమ్ముడూ కలిసి నా గొంతు కోశారు!" మాస్టారు పెట్టె మూశాడు. "ఎక్కడున్నాడు వాడు?"

ఆమె నోరు తెరిచి, మూసి, పై వాటా వైపు చెయ్యి చూపించింది.

శిష్యురాలికి ఫోన్ చేసి ఉన్నమాట చెబితే సరిపోయేది. ఆ ఆలోచన మాస్టారికి రాకపోలేదు. కానీ ఏమని చెప్పాలి? పాత లోహం గుండెకు వైద్యం జరిగిందనా? ఆమె ఆ చోటుల్లో మామూలు స్వరాలు వాయించేస్తానంటే? లేదా మరేదైనా పాట ఎత్తుకుంటానంటే? ఆమె మధ్యాహ్నం బండి దిగి నేరుగా హాలుకు వస్తుంది. అప్పటికి వాద్యాన్ని మళ్ళీ పాడు చేయించగలిగితే మూడో కంటికి తెలియదు. మాస్టారు బావమరిదిని వెంటేసుకుని బయల్దేరాడు.

బావమరిది మంచివాడు. ఎవరికి ఏ సాయం కావాలన్నా చేస్తాడు, అక్కర్లేదన్నా చేస్తాడు. కాకపోతే అతని నోట్లో నువ్వుగింజ నానదు. దారి పొడుగునా "బావా, అసలు మెరుగు పెట్టించమన్నది నేనే" అంటూ, తన నేరాన్ని తనే విడమరిచి చెబుతూ వచ్చాడు.

వాద్యాల రిపేరు దుకాణం ఓ సందు చివర, టైర్ల షాపుకీ దర్జీ కొట్టుకీ మధ్య ఉంది. మేస్త్రిని అందరూ లీకుల డాక్టరు అంటారు. ఆ పేరు మొదట పెట్టుకున్నది అతనేనని గిట్టనివాళ్ళు అంటారు. మాస్టారిని చూడగానే అతను సన్మానానికి వచ్చారనుకుని లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉంది సార్? లోపల దీపం పెట్టి చూశాను. చీమ కన్నంత వెలుతురు బయటికొస్తే నా పేరు మార్చుకుంటా. మీరు ఇన్నాళ్ళూ ఊదింది శాక్సాఫోన్ కాదు సార్, జల్లెడ!"

"నాకు ఆ జల్లెడే కావాలి."

"అర్థం కాలేదు సార్."

"ముందు ఎలా ఉండేదో అలా చెయ్యి. గాలి పోవాలి. ఎక్కడెక్కడ పోయేదో సరిగ్గా అక్కడే పోవాలి."

మేస్త్రి మొహం ముడుచుకుపోయింది. "డాక్టరు దగ్గరికొచ్చి జ్వరం తెప్పించమని ఎవరైనా అడుగుతారా సార్? నా చేతులతో మూసిన లీకు నేనే తెరవాలా? రేపు నలుగురికీ తెలిస్తే నా దగ్గరికి ఎవడొస్తాడు?"

"మీటల కింది పాత ప్యాడ్లు ఉన్నాయా?"

"చెత్తబండి వాడికిచ్చేశా."

"ఏ ప్యాడు దగ్గర గాలి పోయేదో గుర్తుందా?"

"ఏది పోయేదని అడుగుతారేంటి సార్? ఏది పోయేది కాదని అడగండి, చెబుతా."

బేరం అక్కడే తెగిపోయేది. కానీ బావమరిది సాయం చేశాడు. "పోనీలే బావా, బాగు చేయడం ఎవరైనా చేస్తారు. సరిగ్గా పాడు చేయడానికి చాలా పనితనం కావాలి. పాపం ఈయన వల్ల కాదేమో" అన్నాడు. అంతే, మేస్త్రికి రోషం వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

అతను ఒక ప్యాడు వదులు చేస్తాడు. మాస్టారు ఊదుతాడు. "ఇది కాదు, ఇందులో ఇంకాస్త దుఃఖం ఉండేది" అంటాడు. మేస్త్రి కళ్ళు చికిలించి, "ఎంత దుఃఖం సార్? కాగితం మందమా, అట్ట మందమా?" అని అడుగుతాడు. మాస్టారు గొంతుతో పాడి చూపిస్తాడు. పక్క కొట్టు దర్జీ మిషను ఆపి, ఎవరికైనా బాగోలేదా అని తొంగి చూస్తాడు. మరో ప్యాడు, మరో స్ప్రింగు. దుఃఖం ఒక చోట ఎక్కువవుతుంది, ఒక చోట దగ్గులా వినిపిస్తుంది. ఒక దశలో పాత చీలిక స్వరం ఒకటి అచ్చంగా వచ్చింది. మాస్టారు ఆనందంతో, "అదే! కదిలించకు!" అని అరిచాడు. ఆ అరుపుకు ఉలిక్కిపడి మేస్త్రి కదిలించాడు.

ఈ మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "ఏవండీ, ఒక్క నిమిషం నా మాట వినండి. ఆ అమ్మాయి..." అంటూ ఉండగానే, "ఇప్పుడు కాదు!" అని మాస్టారు పెట్టేశాడు. మళ్ళీ మోగితే ఫోన్‌ను బావమరిది చేతిలో పడేశాడు. మూడోసారి మోగినప్పుడు మాట్లాడింది హాలు సెక్రటరీ. వాద్యం ఎప్పుడు తెస్తారని ఆయన అడిగాడు.

"తెస్తామండీ. బావ ప్రస్తుతం దాన్ని పగలగొట్టిస్తున్నాడు" అన్నాడు బావమరిది. "అవునండీ, శాక్సాఫోన్నే. దగ్గర నిలబడి మరీ. లేదండీ, తాగలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కూడా. దుఃఖం చాలట్లేదని అంటున్నాడు."

మాస్టారిని ఒంటరిగా వదలొద్దని చెప్పి సెక్రటరీ పెట్టేశాడట.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు, మధ్యాహ్నం దాటేసరికి వాద్యం ఏ పట్టుకూ పలకడం మానేసింది. ఎంత ఊదినా బుస్సుమంటోంది. పెద్ద మీట ఒకటి విరిగి మేస్త్రి అరచేతిలో ఉంది. "పోనీ ముందున్నట్టు బాగు చేసెయ్" అన్నాడు మాస్టారు ఏడుపు గొంతుతో. "ఈ మీట దొరకాలంటే వారం పడుతుంది సార్" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత కాస్త గర్వంగా చూసి, "ఇప్పుడు మాత్రం గాలి పోని చోటు ఒక్కటి చూపించండి" అన్నాడు.

మాస్టారు ఆ ఇత్తడి శవాన్ని పెట్టెలో పెట్టుకుని హాలుకు చేరేసరికి అక్కడ వాతావరణం మారిపోయి ఉంది. కాపలావాడు పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. నాలుగు తీగవాద్యాల్లో ఒకటైన చెల్లో వాయించే పెద్దాయన ఎప్పుడూ పలకరించని మనిషి. ఆయన ఇవాళ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "సంగీతం ఒక్కటే జీవితం కాదండీ. మీకు కుటుంబం ఉంది" అన్నాడు. అందరూ ఆస్పత్రిలోలా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడ మీది బోర్డు చూశాక అర్థమైంది. తన రచన పేరు మీద తెల్లకాగితం అతికించి, దాని మీద ఎప్పుడో ఎవరో రాసిన జోలపాట పేరు రాశారు.

"మీరు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అన్నాడు సెక్రటరీ. "రచన ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు అనే మాటకు హాళ్ళ భాషలో అర్థమేమిటో మాస్టారికి బాగా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిచ్చి పట్టలేదని నిరూపించుకోవాలంటే, వాద్యాన్ని ఎందుకు పగలగొట్టించాడో చెప్పాలి. ఆ ఎందుకు చెప్పాలంటే, వ్యాసంలో రాసిన ప్రతి వాక్యాన్నీ మింగాలి. మాస్టారు మింగాడు. సెక్రటరీ గదిలో తలుపు వేయించి, తల దించుకుని మొత్తం చెప్పాడు.

"అది నా పరిశోధన కాదండీ. నా వాద్యంలో గాలి పోతోంది. ఆ సంగతి నాకే తెలియదు. ఆ పోయే గాలినే నేను రాసుకున్నాను. మా ఆవిడ బాగు చేయిస్తే మళ్ళీ పాడు చేయించబోయాను. అంతే, నా మతి పోలేదు. దయచేసి నా రచన తీసేయకండి."

చెప్పి మాస్టారు చేతులు జోడించాడు. సెక్రటరీ మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన కళ్ళలో వెలుగు వచ్చింది. కొత్త సంగీతానికి జనం రాకపోవడానికి కారణం దాని వెనక చెప్పుకోవడానికి కథ లేకపోవడమేనని ఆయన ఎంతోకాలంగా బాధపడుతున్నాడు.

"ఇంత మంచి విషయం దాచుకుంటారా మాస్టారూ! జనం చెవి కోసుకుంటారు. నేను వేదిక మీద చెబుతాను."

"వద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మీరు నాకు వదిలేయండి." సెక్రటరీ లేచి వెళ్ళి, బోర్డు మీది తెల్లకాగితం తనే స్వయంగా పీకేశాడు.

పోనీలే, పరువు పోయినా రచన నిలిచింది అనుకుంటూ మాస్టారు వేదిక వెనక గదికి నడిచాడు. ఇక పెట్టెలోని శవాన్ని శిష్యురాలికి ఎలా చూపించాలన్నదే మిగిలింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అతని అడుగు ఆగిపోయింది. లోపలి నుంచి చీలిక స్వరాలు వినిపిస్తున్నాయి. ఒకటి కాదు, అన్నీ. వరసగా, అతను రాసినవి రాసినట్టు.

శిష్యురాలు తన సొంత వాద్యం దించి నవ్వింది. "రండి మాస్టారూ. ఎలా ఉన్నాయి? మీ వాద్యంలో విన్నవి చెవిలోంచి పోలేదు. నా దాని మీద వేరే పట్లు వెతికాను. వేళ్ళు మార్చి, పెదవి బిగువు మార్చి చూస్తే మొత్తం దొరికాయి. ఇక మీది మోసుకురావాల్సిన పని లేదు, నిశ్చింతగా బాగు చేయించేయండని పిన్నిగారికి చెప్పానుగా. ఆవిడ చెప్పలేదా?"

చెప్పలేదనడానికి లేదు. పొద్దున నోరు తెరిచింది. దుకాణంలో ఉండగా ఫోన్ చేసింది.  సెక్రటరీ వేదిక మీద చెబుతానన్నది హఠాత్తుగా గుర్తొచ్చి, మాస్టారు ఆయన్ని ఆపడానికి వేదిక వైపు పరిగెత్తాడు. అప్పటికే తెర తీశారు. మైకులో సెక్రటరీ గొంతు మోగుతోంది.

"...పాపం మన మాస్టారు అదంతా తన పరిశోధనే అనుకున్నారు! తీరా చూస్తే లీకు!" హాలంతా గొల్లుమంది. "కానీ మిత్రులారా, ఇందాకే వెనక గదిలో నా చెవులతో విన్నాను, అలా కారిపోయిన గాలిలో సంగీతం ఉందని పసిగట్టి, ఏ లోపమూ లేని తన వాద్యం మీద ఆ స్వరాలను పుట్టించిన విద్వాంసురాలు..." చప్పట్లలో మిగతాది వినబడలేదు.

ఆ తర్వాత జరిగినదాన్ని మాస్టారు జీవితాంతం మరిచిపోలేడు. ఆమె ఊదింది. నాలుగు తీగవాద్యాలూ కింద నుంచి మెల్లగా వచ్చి ఆ చీలిన స్వరాన్ని పట్టుకున్నాయి. గాలి ఎక్కడ పోయినా, ఏ స్వరం తర్వాత ఏది రావాలో, ఎంతసేపు నిలవాలో, తీగలు ఎప్పుడు దాన్ని ఒంటరిగా వదిలేయాలో నిర్ణయించింది మాస్టారే. అదేదీ లీకు కాలేదు. ఏడాదిపాటు తలుపు వేసుకుని తలలో విన్నది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, ఇప్పుడు హాలంతా నిండిపోయింది. అతను సిగ్గు మరిచిపోయి ఏడ్చాడు. అంత సంతోషం అతనికి అంతకుముందు తెలియదు.

ముగిశాక జనం లేచి నిలబడ్డారు. శిష్యురాలు చెయ్యి చాచి మాస్టారిని చూపించింది. అలా చూపించగానే జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో జారిపడ్డ తాతయ్యను లేవదీస్తూ నవ్వే నవ్వు. పూలగుత్తి ఆమెకిచ్చారు. ఆమె మంచి పిల్ల. "ఇదంతా మాస్టారు రాసింది, నేను వాయించానంతే" అని అడిగినవాళ్ళందరికీ చెప్పింది. ఎంత పైకొచ్చినా గురువును మరవలేదు, ఎంత వినయమో అని వాళ్ళు ఆమెనే ఇంకాస్త మెచ్చుకున్నారు.

ఇంటికి తిరిగి వచ్చాక భార్య అన్నం వడ్డించింది. మాస్టారు తల ఎత్తలేదు.

"మీ పాట లోకమంతా రెండోసారి వినాలనుకుంటారు" అంది ఆమె, కోపం లేకుండా. "ఇంట్లో మనిషి మాట మొదటిసారైనా వినరు."

 

శిష్యురాలు మాట తప్పలేదు. పర్యటనలో మొదటి ఊళ్ళోనే ఆ రచన వాయించింది. అంటే రెండోసారి. మాస్టారికి పిలుపు పంపమని నిర్వాహకులకు చెప్పిందట, వాళ్ళు మరిచిపోయారట. మాస్టారు భార్యను తీసుకుని, టికెట్లు కొనుక్కుని వెళ్ళాడు. లీకు కథ అప్పటికే ఆ ఊరిదాకా పాకింది, హాలు కిటకిటలాడుతోంది. చిట్టచివరి వరసలో, స్తంభం పక్కన చోటు దొరికింది. చీలిక స్వరాలు మొదలవగానే పక్క సీటాయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ ఉండిపోయాడు. అయిపోయాక జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారు ఉండబట్టలేకపోయాడు. మెల్లగా ఆయన వైపు వంగి, "చాలా బాగుంది కదండీ. రాసిందెవరో?" అన్నాడు.

ఆయన మాస్టారిని ఎగాదిగా చూసి, జాలిపడి, తెలియనివాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "దాన్ని రాయడానికేముందండీ? గాలి పోయింది, అదే వచ్చింది."